కోచ్‌లు మారినా చెదరని ఆ పాత చెల్సీ

2011 మే 22న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ ఆఖరి మ్యాచ్‌లో మా చెల్సీ ఎవర్టన్ చేతిలో 1-0తో ఓడిపోయింది. ఓడినా రెండో స్థానం మాకే దక్కింది. మ్యాచ్ అయ్యాక మా కోచ్ కార్లో ఆంచెలొట్టి మీడియాతో మాట్లాడి బయటికొచ్చాడు, ఇంకా గుడిసన్ పార్క్ స్టేడియం దాటకముందే నిన్ను తీసేశామని చెప్పేశారు. అంతకు ఏడాది ముందు ఆ మనిషే మాకు లీగూ, ఎఫ్ఏ కప్పూ ఒకే సీజన్‌లో తెచ్చిపెట్టాడు. ఆ సీజన్‌లో లీగ్‌లో 103 గోల్స్ కొట్టాం, ఆఖరి రోజు విగాన్ మీద 8-0. అంత మర్యాదస్తుణ్ణి, ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషిని అలా కారిడార్‌లో నిలబెట్టి పంపేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ రాత్రే ఆర్సెనల్ అభిమాని అయిన నా స్నేహితుడు ఫోన్ చేసి, "ఏరా, ఈసారి మీకు ఎవరొస్తున్నార్రా?" అన్నాడు. వాళ్లకి 1996 నుంచీ కోచ్ వెంగర్ ఒక్కడే. మాకేమో రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ 2003లో క్లబ్ కొన్నాక అప్పటికే రనియెరి, మొరీన్యో, గ్రాంట్, స్కొలారి, హిడింక్, ఆంచెలొట్టి, లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలవు. "మీది క్లబ్ కాదురా, కోచ్‌లు దిగే బస్టాప్" అనేవాడు వాడు. నేను వాడితో గంటలకొద్దీ వాదించేవాణ్ణి. అప్పుడు వాడికి చెప్పిన మాటే ఇప్పుడూ చెప్తాను, ఇన్నేళ్ల తర్వాత ఇంకా గట్టిగా చెప్తాను: ఆ రోజుల్లో మా కోచ్ మారాడు కానీ మా టీమ్ మారలేదు.

ఎందుకంటే ఎవరొచ్చినా గోల్‌లో పీటర్ చెక్ ఉండేవాడు. డిఫెన్స్‌లో జాన్ టెర్రీ, యాష్లీ కోల్. మిడ్‌ఫీల్డ్‌లో లాంపార్డ్. ముందు డ్రోగ్బా. కోచ్ పోర్చుగల్ నుంచి వచ్చినా, బ్రెజిల్ నుంచి వచ్చినా, ఇటలీ నుంచి వచ్చినా సోమవారం ప్రాక్టీస్‌కి వచ్చేసరికి ఎదురుగా కనిపించేది వీళ్లే. ఈ క్లబ్‌లో ఎలా ఆడతాం, ఓడితే ఎంత బాధపడతాం, కొత్తగా వచ్చిన కుర్రాడు ఎలా ఉండాలి, ఇవన్నీ కోచ్ చెప్పక్కర్లేకుండా వాళ్లే చూసుకునేవాళ్లు. ఇంటి కాగితాల మీద ఎవరి సంతకం ఉన్నా ఇల్లు నడిపేది లోపలున్న పెద్దవాళ్లే కదా, అలా.

ఈ పునాది వేసింది మాత్రం మొరీన్యోనే, ఆ సంగతి ఎవరూ కాదనలేరు. రనియెరి మంచివాడే, 2003-04లో రెండో స్థానం తెచ్చాడు, యూరప్ మేటి క్లబ్బుల టోర్నీ చాంపియన్స్ లీగ్‌లో సెమీస్ దాకా తీసుకెళ్లాడు, అయినా పంపేశారు. పోర్చుగల్ క్లబ్ పోర్టోతో అదే చాంపియన్స్ లీగ్ గెలిచొచ్చిన మొరీన్యో మొదటి సీజన్‌లోనే 95 పాయింట్లు, 38 మ్యాచుల్లో మొత్తం 15 గోల్సే ఇచ్చాం. పదిహేనంటే పదిహేను! ఇప్పటి టీములు అన్ని గోల్స్ రెండు నెలల్లో ఇచ్చేస్తున్నాయి. 2005 ఏప్రిల్ 30న బోల్టన్‌లో లాంపార్డ్ రెండు గోల్స్ కొట్టి, 1955 తర్వాత మళ్లీ మాకు లీగ్ టైటిల్ ఖాయం చేశాడు. ఆ రెండో గోల్‌కి ఒక్కడే గ్రౌండ్‌లో సగం దూరం పరిగెత్తాడు, కీపర్‌ని తప్పించి నెమ్మదిగా లోపలికి నెట్టాడు. టీవీ ముందు నేనూ మా అన్నయ్యా అరిచిన అరుపులకి ఇంట్లో అందరూ లేచి కూర్చున్నారు.

అలాంటి మొరీన్యోని 2007 సెప్టెంబర్‌లో, రోసెన్‌బోర్గ్‌తో 1-1 డ్రా అయిన ఒకటిరెండు రోజుల్లోనే సాగనంపేశారు. అతని స్థానంలో డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్‌గా ఉన్న అవ్రామ్ గ్రాంట్. అభిమానుల్లో ఎవరికీ ఇష్టం లేదు. కానీ అదే సీజన్ చివర్లో మాస్కోలో చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడాం, పెనాల్టీల్లో టెర్రీ కాలు జారి బంతి పోస్టుకి తగలకపోయి ఉంటే కప్పు మాదే. ఆ రాత్రి గురించి ఎక్కువ రాయలేను, రాయాలనీ లేదు. మూడు రోజుల తర్వాత గ్రాంట్‌నీ తీసేశారు.

స్కొలారి ఏడు నెలలు. ఆయన పోయాక హిడింక్ రష్యా జాతీయ జట్టుకి కోచ్‌గా ఉంటూనే మాకు నాలుగు నెలలు పనిచేసి ఎఫ్ఏ కప్పు ఇచ్చి వెళ్లాడు. చాంపియన్స్ లీగ్‌లో మమ్మల్ని ఇంటికి పంపిన బార్సిలోనా ఇనియెస్టా ఇంజురీ టైమ్ గోల్ ఆ నాలుగు నెలల్లోదే.

ఇక 2012 వసంతం దగ్గర కాస్త ఆగాలి. కోచ్ మార్పుల గురించి నేనేం నమ్ముతానో అంతా అక్కడే ఉంది.

ఆంచెలొట్టి తర్వాత పోర్టో నుంచి విల్లాస్-బోయాస్‌ని తెచ్చారు. వయసు 33. లాంపార్డ్ కూడా అదే వయసువాడు! తెలివైనవాడే, ఆలోచనలూ కొత్తవే, టీమ్‌ని నెమ్మదిగా కుర్రాళ్ల చేతికి ఇవ్వాలనుకున్నాడు, అది తప్పని నేననను. కానీ ఆ పని ఎవరితో గొడవపడి చేయకూడదో వాళ్లతోనే పెట్టుకున్నాడు. ఫిబ్రవరిలో నేపుల్స్‌లో నాపోలీతో చాంపియన్స్ లీగ్ మ్యాచ్. లాంపార్డ్, కోల్, ఎస్సియెన్ ముగ్గురూ బెంచ్ మీద. 3-1తో ఓడాం. మార్చి 4న అతన్ని తీసేసి, అసిస్టెంట్‌గా ఉన్న డి మాటియోకి సీజన్ చివరి దాకా చూసుకోమని ఇచ్చారు.

డి మాటియో పెద్ద పెద్ద మాటలేం చెప్పలేదు. ఒకప్పుడు ఇదే క్లబ్‌కి ఆడినవాడు, ఆ డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరు ఎవరో తెలిసినవాడు. చేసింది ఒక్కటే, ఆ పెద్దవాళ్లని మళ్లీ మధ్యలోకి తెచ్చి కూర్చోబెట్టాడు. నాపోలీతో రిటర్న్ మ్యాచ్ స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో, ఎక్స్‌ట్రా టైమ్ దాకా వెళ్లి 4-1. గోల్స్ కొట్టినవాళ్లు ఎవరు? డ్రోగ్బా, టెర్రీ, లాంపార్డ్, ఇవనోవిచ్. దెబ్బ తగిలి బయటికొచ్చిన టెర్రీ డగౌట్‌లో కూర్చోలేదు, టచ్‌లైన్ మీద డి మాటియో పక్కనే నిలబడి చేతులూపుతూ, అరుస్తూ డిఫెన్స్‌ని సర్దుతున్నాడు. కోచ్ ఎవరో తెలియనివాళ్లు చూస్తే ఇద్దరు కోచ్‌లనుకుంటారు. "ఆటగాళ్ల పెత్తనం ఎక్కువైపోయింది చెల్సీలో" అని పేపర్లు రాసేవి. రాసుకోనీ. ఆ పెత్తనం లేకపోతే మాకు ఆ కప్పు లేదు.

సెమీస్ బార్సిలోనాతో, వాళ్ల గ్రౌండ్‌లో. కేహిల్ దెబ్బతో ముందే బయటికి, టెర్రీకి రెడ్ కార్డ్, 2-0తో వెనకబడ్డాం. ఇక అయిపోయిందనుకునే టైమ్‌లో రామిరెస్ కీపర్ తల మీద నుంచి బంతిని లేపిన ఆ గోల్! సెకండాఫ్‌లో చాలాసేపు డ్రోగ్బా, మా స్ట్రైకర్, లెఫ్ట్ బ్యాక్ ఆడాడు. ఆ మాట ఏ కోచ్ చెప్తే వింటాడు చెప్పండి ఆ స్థాయి ఆటగాడు? వాడికి వాడే అనుకుని వెనక్కి పరిగెత్తాలి. మెస్సీ పెనాల్టీ బార్‌కి కొట్టాడు, చివర్లో టోరెస్ ఒక్కడే దూసుకెళ్లి 2-2 చేశాడు, ఫైనల్‌కి చేరిపోయాం.

మ్యూనిక్ ఫైనల్ మే 19. ఎదురుగా బయర్న్, అదీ వాళ్ల సొంత స్టేడియం. మాకు టెర్రీ, ఇవనోవిచ్, రామిరెస్, మీరెలెస్ నలుగురూ సస్పెన్షన్. రయాన్ బెర్ట్రాండ్ అనే కుర్రాడు జీవితంలో మొదటి చాంపియన్స్ లీగ్ మ్యాచ్ ఆడుతున్నాడు, అది ఫైనల్. 83వ నిమిషంలో ముల్లర్ గోల్ కొట్టినప్పుడు మా అన్నయ్య లేచి గదిలోకి వెళ్లిపోయాడు. 88వ నిమిషంలో మాటా కార్నర్, డ్రోగ్బా హెడర్. నా కేక విని అన్నయ్య పరిగెత్తుకొచ్చేసరికి రీప్లే నడుస్తోంది. ఎక్స్‌ట్రా టైమ్‌లో రాబెన్ పెనాల్టీని చెక్ పట్టేశాడు. ఆ తర్వాత షూటౌట్‌లో వాళ్లు కొట్టిన ఐదింటికీ చెక్ సరైన వైపే దూకాడు. బయర్న్ పాత పెనాల్టీల వీడియోలు ముందే కూర్చుని చూసుకున్నాడట. ఆఖరి కిక్ డ్రోగ్బాది. ఎక్కువ దూరం కూడా వెనక్కి వెళ్లలేదు, రెండడుగులు వేసి కీపర్ ఒకవైపు, బంతి ఒకవైపు. నాకు ఏడుపొచ్చేసింది, అన్నయ్యకీ వచ్చింది, ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆ సీజన్‌లో లీగ్‌లో మేం ఆరో స్థానం. ఆ టీమ్ యూరప్ చాంపియన్. కోచ్ మార్పు వల్లే గెలిచామని కొందరంటారు, కోచ్ మారినా గెలిచామని నేనంటాను. రెండింటికీ చాలా తేడా ఉంది. మొదటి మాట నమ్మితే ఓడిన ప్రతిసారీ కోచ్‌ని మార్చాలనిపిస్తుంది, అబ్రమోవిచ్‌కి అదే అలవాటైంది. ఆరు నెలలు తిరిగేసరికి, నవంబర్‌లో యువెంటస్ చేతిలో 3-0 ఓడగానే డి మాటియోని కూడా తీసేశారు. అతని స్థానంలో బెనీటెజ్, లివర్‌పూల్ కోచ్‌గా మమ్మల్ని ఎన్నోసార్లు ఏడిపించినవాడు. స్టేడియంలో ప్రతి మ్యాచ్‌లో 16వ నిమిషం రాగానే జనం లేచి చప్పట్లు కొట్టేవాళ్లు, డి మాటియో జెర్సీ నంబర్ 16 కాబట్టి. టీవీలో ఆ చప్పట్లు వినిపించినప్పుడు నేనూ కొట్టేవాణ్ణి. బెనీటెజ్‌ని నేను ప్రేమించలేకపోయాను, కానీ అంత తిట్లలోనూ పని మానకుండా యూరప్‌లో రెండో స్థాయి టోర్నీ యూరోపా లీగ్ గెలిపించి, మూడో స్థానంలో పెట్టి వెళ్లాడు. ఆ గౌరవం అతనికి ఇవ్వాలి.

అయితే ఈ పద్ధతికి మేం కట్టిన మూల్యం కూడా తక్కువేం కాదు, అది కప్పుల వరసలో కనపడదు. మూడు నెలల్లో ఉద్యోగం పోతుందేమో అనే టెన్షన్‌లో ఉన్న కోచ్ ఇరవై ఏళ్ల కుర్రాడి మీద పందెం కాయడు. డి బ్రూయ్నాని 2012లో కొని 2014లో వుల్ఫ్స్‌బర్గ్‌కి అమ్మేశాం. సలాని 2014లో తెచ్చి ఏడాది తిరిగేసరికి ఫియొరెంటీనాకి పంపి, తర్వాత రోమాకి వదిలేశాం. లుకాకుని ఎవర్టన్‌కి అమ్మి, 2021లో తొంభై ఏడు మిలియన్ పౌండ్ల పైచిలుకు పోసి మళ్లీ కొన్నాం. మాంచెస్టర్ సిటీ జెర్సీలో డి బ్రూయ్నా ఒక్కో పాస్ వేస్తుంటే, లివర్‌పూల్ జెర్సీలో సలా ఒక్కో గోల్ కొడుతుంటే కడుపు తరుక్కుపోయేది.

2014లో లాంపార్డ్, కోల్ వెళ్లారు. 2015లో చెక్ ఆర్సెనల్‌కి వెళ్లాడు, నా స్నేహితుడు ఆ రోజు మళ్లీ ఫోన్ చేశాడు, నేను ఎత్తలేదు. తిరిగొచ్చి ఒక సీజన్ ఆడిన డ్రోగ్బా కూడా అదే ఏడాది వెళ్లిపోయాడు. ఇక చూడండి, అదే 2015 డిసెంబర్‌లో లీగ్ చాంపియన్లుగా ఉన్న టీమ్ 16వ స్థానానికి పడిపోయింది, 16 మ్యాచుల్లో 9 ఓటములు, రెండోసారి వచ్చిన మొరీన్యోని రెండోసారి తీసేశారు. ఆ తర్వాతి మ్యాచ్‌లో స్టేడియంలో జనం ఛీకొట్టింది కోచ్‌ని తీసేసిన ఓనర్‌ని కాదు, ఆటగాళ్లని. పాత పెద్దవాళ్లలో టెర్రీ ఒక్కడే మిగిలాడు. పది మంది చేసే పని ఒక్కడు ఎంతని చేస్తాడు?

ఆంటోనియో కొంటే కోచ్‌గా ఉన్న రోజులు నాకు చాలా ఇష్టం. ఆర్సెనల్ దగ్గర 3-0తో ఓడుతూ మ్యాచ్ మధ్యలోనే ముగ్గురు డిఫెండర్ల పద్ధతికి మార్చాడు, అక్కణ్ణుంచి లీగ్‌లో వరసగా 13 గెలుపులు, చివరికి 93 పాయింట్లతో టైటిల్. గోల్ పడితే ఆయన జనంలోకి దూకేవాడు. ఆయనకి దక్కింది రెండేళ్లే. తర్వాతి కోచ్ మౌరీజియో సారీకి ఒక్క ఏడాదే.

లాంపార్డ్‌ని కోచ్‌గా తెచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం ఎలా చెప్పాలో తెలియదు. ట్రాన్స్‌ఫర్ బ్యాన్ వల్ల కొత్తవాళ్లని కొనే వీల్లేదు, అందుకే అకాడమీ కుర్రాళ్లు మౌంట్, అబ్రహామ్, టొమోరి, రీస్ జేమ్స్ అందరూ ఆడారు. ఇన్నేళ్లుగా ఏ కోచ్‌కీ లేని తీరిక ఒక శిక్ష వల్ల దొరికింది! 2021 జనవరి 24న, కోవిడ్ వల్ల ఖాళీగా ఉన్న స్టాండ్స్‌లో అభిమానులు చందాలేసుకుని చేయించిన పెద్ద బ్యానర్ కట్టారు, ఫ్రాంక్ మీద మాకు నమ్మకముందని. మర్నాడు తీసేశారు. మర్నాడే! లీగ్‌లో తొమ్మిదో స్థానంలో ఉన్నామని ఒప్పుకుంటాను, అయినా ఆ బ్యానర్ ఫొటో చూస్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

నాలుగు నెలల తర్వాత కొత్త కోచ్ టుకెల్ అదే టీమ్‌తో పోర్టో నగరంలో యూరప్ కప్పు ఎత్తాడు. మౌంట్ పాస్, హావెర్ట్జ్ గోల్, సిటీ మీద 1-0. ఆ గోల్‌కి పాస్ ఇచ్చినవాడూ, రైట్‌లో స్టెర్లింగ్‌ని కదలనివ్వని రీస్ జేమ్స్ కూడా లాంపార్డ్ నమ్మి ఆడించిన పిల్లలే. కెప్టెన్ ఆజ్పిలిక్వెటా మ్యూనిక్ గెలిచిన వేసవిలో వచ్చినవాడు, చెక్, టెర్రీ, లాంపార్డ్‌ల మధ్య కూర్చుని నేర్చుకున్నవాడు. తీగ తెగలేదన్నమాట, సన్నబడిందంతే.

తెగింది 2022లో. మార్చిలో ఉక్రెయిన్ యుద్ధం వల్ల అబ్రమోవిచ్ మీద బ్రిటన్ ఆంక్షలు, మే నెలలో అమెరికా పెట్టుబడిదారులు బోలీ, క్లియర్‌లేక్ వాళ్లు క్లబ్‌ని 2.5 బిలియన్ పౌండ్లకి కొన్నారు. ఆ మధ్యలో క్లబ్ తరఫున రోజూ మైకుల ముందు నిలబడి, యుద్ధం గురించీ డబ్బు గురించీ అన్ని ప్రశ్నలకీ జవాబు చెప్పింది టుకెల్ ఒక్కడే. టీమ్ ప్రయాణానికి డబ్బు లేకపోతే ఏడు సీట్ల వ్యాన్ నేనే నడుపుకుంటూ వెళ్తానన్నాడు. అలాంటివాణ్ణి సెప్టెంబర్ 7న, జాగ్రెబ్‌లో ఓడిన మర్నాడు తీసేశారు. డోర్ట్‌మండ్‌లో టుకెల్ దగ్గర ఆడిన ఒబమెయాంగ్‌ని వారం కింద కొన్నారు, చెల్సీకి అతని మొదటి మ్యాచ్ ఆ జాగ్రెబ్‌దే. కోచ్‌ని మార్చేవాళ్లు ట్రాన్స్‌ఫర్ విండో మూసేదాకా ఆగి, కావాల్సినవాళ్లని కొని, అప్పుడు మార్చడం ఏమిటి? అందులో ఏం ప్లానింగ్ ఉందో ఎవరైనా నాకు చెప్పాలి.

చెక్ కూడా టెక్నికల్ అడ్వైజర్ పదవి వదిలి వెళ్లిపోయాడు. పాటర్ వచ్చాడు, ఏడు నెలలు. మళ్లీ లాంపార్డ్ తాత్కాలికంగా, వచ్చీరాగానే వరస ఓటములు, చివరికి 12వ స్థానం. 2023 వేసవికి కాంటే, ఆజ్పిలిక్వెటా, హావెర్ట్జ్, కొవాచిచ్, మెండీ, మౌంట్ అంతా ఖాళీ. జోర్జీన్యో జనవరిలోనే వెళ్లిపోయాడు. పోర్టోలో గెలిచి రెండేళ్లే!

దీని వెనక లెక్కలు అర్థం చేసుకున్నాక నాకు ఇంకా బాధేసింది. ఆటగాణ్ణి వంద మిలియన్లకి కొని ఎనిమిదేళ్ల కాంట్రాక్ట్ రాస్తే ఆ ఖర్చు పుస్తకాల్లో ఏడాదికి పన్నెండున్నర చొప్పున పడుతుంది, అందుకే ఎంజో, ముద్రిక్ లాంటివాళ్లకి ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్టులు. తర్వాత యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ, ప్రీమియర్ లీగ్ రెండూ ఈ లెక్క ఐదేళ్లకి మించకూడదన్నాయి. అదే అకాడమీ నుంచి వచ్చినవాణ్ణి అమ్మితే వచ్చిందంతా లాభమే, ఎందుకంటే వాడికి కొన్న ఖర్చంటూ లేదు. అంటే చిన్నప్పటి నుంచి ఈ జెర్సీ వేసుకుని పెరిగినవాణ్ణే అమ్మాలనిపించేలా ఉన్నాయి ఆ లెక్కలు. మౌంట్ అలాగే వెళ్లాడు, మరుసటేడు గ్యాలగర్ అలాగే వెళ్లాడు. రేపు కొత్త కోచ్ వస్తే, మేం ఇక్కడ ఇలా ఆడతామని చెప్పడానికి ఎవరున్నారు? వాళ్లూ కొత్తే, ఆయనా కొత్తే.

తర్వాతి కోచ్ పొచెట్టీనో చివరి ఐదు మ్యాచులూ గెలిచి, పామర్ లీగ్‌లో 22 గోల్స్ కొట్టి, ఆరో స్థానంలో ముగించి, అప్పుడే టీమ్ ఒక దారికొస్తోందని నేను సంబరపడుతున్న వారంలోనే ఆయన్నీ సాగనంపారు. మరెస్కా వచ్చాక 2025లో యూరప్ మూడో స్థాయి టోర్నీ కాన్ఫరెన్స్ లీగ్, ఆ వెంటనే క్లబ్ వరల్డ్ కప్, ఫైనల్లో పారిస్ మీద 3-0. సంతోషించాను, అబద్ధమెందుకు, పామర్ కొట్టిన రెండు గోల్స్‌కీ సోఫా మీంచి లేచి గంతులేశాను. కప్పు ఎత్తింది రీస్ జేమ్స్, ఆరేళ్ల వయసులో ఈ క్లబ్‌కి వచ్చినవాడు. పోర్టోలో కప్పు గెలిచిన టీమ్‌లో ఆడి ఇంకా గ్రౌండ్‌లో కనిపిస్తున్నవాడు అతనొక్కడే.

ఓనర్లని నేను అడిగేది పెద్దదేం కాదు. కోచ్‌ని మార్చాలనుకుంటే మార్చుకోండి, ఇరవై ఏళ్లుగా చూస్తున్నాం, తట్టుకోగలం. రీస్ జేమ్స్‌ని, పామర్‌ని, కోల్విల్‌ని మాత్రం అమ్మకండి. ఇంకో ఇద్దరు ముగ్గురిని వాళ్ల పక్కన పదేళ్లు ఉండనివ్వండి.